పచ్చ కవచానికి రంగులు: బేస్ కన్నా ముందు ఆఖరి గీత తేల్చుకోండి

వార్‌హామర్ 40,000 అనే బొమ్మ సైనికుల టేబుల్ ఆటలో పచ్చ కవచాల సైన్యం డార్క్ ఏంజెల్స్. ఆ బాక్సు కొన్నవాళ్ళు ముందు అడిగేది బేస్‌కి, అంటే అన్నిటికన్నా అడుగున వేసే రంగుకి, ఏ పచ్చ వెయ్యాలని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదట తేల్చుకోవాల్సింది ఆఖరి హైలైట్ సంగతి, అంటే భుజం ప్యాడ్ అంచు మీద, మోకాలి మూల మీద అన్నీ అయ్యాక గీసే ఆ సన్నటి లేత గీత పసుపు వైపు పోవాలా, ఎముక రంగు వైపు పోవాలా, లేకపోతే నీలం కలిసిన బూడిద వైపు పోవాలా అన్నది. అది తేలితే బేస్ ఏమిటి, సందుల్లో పారించే నీడ రంగు (షేడ్) ఏది, కళ్ళకు ఏ రంగు, కాళ్ళ కింద నేల ఎలా ఉండాలి అనేవాటికి సగం జవాబు దొరికినట్టే. బేస్ నుంచి మొదలుపెట్టి ప్రతి మెట్టు దగ్గరా ఆగి "ఇప్పుడు దీని మీద ఏం వెయ్యాలి" అని వెతుక్కునేవాళ్ళ మోడళ్ళు చూడండి, ఒక్కో పొర విడిగా బాగానే ఉంటుంది, అన్నీ కలిపి చూస్తే ఏదో అతకదు.

ఈ గొడవ పచ్చతోనే ఎందుకు ఎక్కువంటే, నీలం కవచానికి లేత నీలం వేసుకుంటూ పోతారు, ఎరుపైతే నారింజ వైపు జరుగుతారు, పెద్దగా బుర్ర పెట్టక్కర్లేదు. పచ్చ పసుపుకీ నీలానికీ మధ్యలో ఉంది. రెండు వైపులా దారులున్నాయి, ఏ దారిన వెళ్ళామన్నదాన్ని బట్టి అదే సైనికుడు వేరేగా కనిపిస్తాడు. పైగా పగటి వెలుతురులో మన కన్ను అన్నిటికన్నా బాగా పట్టేది 555 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే పసుపుపచ్చ కాంతిని. అందుకే ముదురు పచ్చ మీద చిలకపచ్చ గీత వెంట్రుకవాసి లావైనా టేబుల్ అవతలి నుంచి తెలిసిపోతుంది.

ఇంకొక మాట ఇక్కడే చెప్పేస్తాను. పచ్చని లేత చెయ్యడానికి తెలుపు కలపకండి. ముదురుగా, నిండుగా ఉండే పచ్చల్లో చాలావాటికి ఆధారం థాలో గ్రీన్ అనే పిగ్మెంట్. అందులో బాగా వాడే రకానికి లోపల నీలం ఛాయ ఉంటుంది, తెలుపు పడగానే అది బయటికొస్తుంది, రంగు పాలిపోయి మింట్ వైపు తిరుగుతుంది. లేత చెయ్యడానికి లేత పసుపు, ఎముక రంగు, లేత బూడిద, ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోండి. ఏది ఎంచుకుంటారన్నదే ఈ మొత్తం వ్యవహారం.

ఏ సైన్యం, పక్కన ఎవరు

హైలైట్ ఎటు పోవాలో పచ్చని చూసి కాదు, పచ్చ పక్కన ఏ రంగులు నిలబడతాయో చూసి తేల్చుకోవాలి.

డార్క్ ఏంజెల్స్‌ని తీసుకుందాం, తడబడేవాళ్ళు ఎక్కువ ఇక్కడే. వార్‌హామర్ 40,000 కథలో వీళ్ళ ప్రైమార్క్, అంటే మూలనాయకుడు, లయన్ ఎల్'జాన్సన్, సొంత గ్రహం అడవులతో నిండిన కాలిబన్, ఈ బొమ్మల రంగులమ్మే సిటడెల్ వాళ్ళ కాలిబన్ గ్రీన్‌కి పేరు వచ్చింది అక్కడి నుంచే. హోరస్ హెరెసీ (కథలో పాత అంతర్యుద్ధం) కాలంలో వీళ్ళ కవచం నలుపు, 40,000 కాలానికి ముదురు పచ్చ, మన చీరల షాపుల్లో బాటిల్ గ్రీన్ అంటారే, అది. కానీ సైన్యమంతా పచ్చ కాదు. మొదటి కంపెనీ డెత్‌వింగ్ ఎముక రంగులో ఉంటుంది, రెండో కంపెనీ రావెన్‌వింగ్ నలుపు. అంటే మీ పచ్చ సైనికుడు ఎముక రంగు టెర్మినేటర్ల (భారీ కవచాల సైనికుల) పక్కన నిలబడతాడు, చాలామందికి ఒంటి మీద వేలాడే వస్త్రం కూడా ఎముక రంగే. అలాంటప్పుడు పచ్చ అంచుల్లోనూ కాస్త ఎముక రంగు కలిస్తే మూడు రంగులవాళ్ళూ ఒకే సైన్యంలా అనిపిస్తారు. నా ఓటు దానికే. బాక్సు మీది బొమ్మలో కనిపించే మెరిసే లేత పచ్చ అంచులు కూడా బాగానే ఉంటాయి, కాకపోతే అవి అడుగు దూరం నుంచి తీసిన ఫొటో కోసం వేసినవి అనిపిస్తుంది.

సాలమాండర్స్‌ది పూర్తిగా వేరే కథ. నాక్టర్న్ అనే అగ్నిపర్వతాల గ్రహం, నల్లటి ఒళ్ళు, ఎర్రగా వెలిగే కళ్ళు, కవచం మీద మంటల బొమ్మలు, భుజం ప్యాడ్లు నలుపు. ఇక్కడ పచ్చ నిండుగా, వేడిగా ఉండాలి. మంట పక్కన ఉండే పచ్చ పసుపు వైపే పోవాలి, బూడిద వైపు తీసుకెళ్తే మంటలకీ కవచానికీ సంబంధం తెగిపోతుంది.

సన్స్ ఆఫ్ హోరస్ మొదట్లో లూనా వోల్వ్స్ పేరుతో తెల్ల కవచాల్లో ఉండి, తర్వాత సీ గ్రీన్‌కి మారినవాళ్ళు. ఇది చల్లటి పచ్చ, నీలం బూడిద వైపు తప్ప ఇంకెటూ పోనివ్వకండి, పసుపు ఒక్క చుక్క పడినా ఆ సముద్రపు రంగు పోయి గడ్డి రంగు వస్తుంది. డెత్ గార్డ్‌ది కుళ్ళిపోయిన, పసరు తేలిన పచ్చ, అక్కడ శుభ్రమైన గీతలకన్నా మరకలే ముఖ్యం. కేడియన్ సైనికుల ఆలివ్ పచ్చ మామూలు మిలిటరీ రంగు, ఖాకీ బట్టల మీద వస్తుంది కాబట్టి ఖాకీ వైపే లేత చెయ్యాలి.

ఈ లిస్టులో లేని సొంత సైన్యం మీదైతే ఇదే ప్రశ్న వేసుకోండి: పచ్చ తర్వాత మోడల్ మీద ఎక్కువ జాగా తీసుకునే రంగు ఏది? అది వేడి రంగైతే పసుపు, చల్లదైతే బూడిద, రెండూ కాకుండా తోలు, గుడ్డ, కాగితం లాంటివైతే ఎముక రంగు.

రంగు కొనే ముందు చెంచా

ఇంట్లో పడున్న పాత ప్లాస్టిక్ చెంచాలు కొన్ని తీసుకోండి. వాటికి మోడల్‌కి వేసే ప్రైమరే (రంగు పట్టుకోవడానికి ముందు వేసే పూత) వేసి, వీపు వైపు బేస్ రంగు రెండు పూతలు వేసి, అంచు మీద సగం దూరం ఒక హైలైట్, మిగతా సగం ఇంకో హైలైట్ గీయండి. చెంచా వీపు భుజం ప్యాడ్ లాగే గుండ్రంగా ఉంటుంది కాబట్టి వెలుతురు ఎలా జారుతుందో తెలుస్తుంది. కాగితం మీద వేసి చూడటం దండగ, కాగితం రంగు పీల్చేస్తుంది, ఎండాక వేరేగా ఉంటుంది. ఫోన్‌లో ఫొటో చూసి రంగు కొనడం అంతకన్నా దండగ.

పాత గైడ్లు చదివేవాళ్ళకు ఒక గమనిక. సిటడెల్ 2012లో రంగులన్నిటినీ మార్చి కొత్త పేర్లు పెట్టింది. అంతకు ముందు రాసినవాటిలో డార్క్ ఏంజెల్స్ గ్రీన్ అని ఉంటే ఇప్పటి కాలిబన్ గ్రీన్ అనుకోండి, స్నాట్ గ్రీన్ అంటే వార్ప్‌స్టోన్ గ్లో, గాబ్లిన్ గ్రీన్ అంటే వార్‌బాస్ గ్రీన్, స్కార్పియన్ గ్రీన్ అంటే మూట్ గ్రీన్. అచ్చుగుద్దినట్టు ఒకటే కావు, దగ్గరివి. ఇంకో తికమక ఏమిటంటే, డార్క్ ఏంజెల్స్ గ్రీన్ పేరుతోనే 2019లో వచ్చిన కాంట్రాస్ట్ రంగుల్లో ఒకటుంది, అది నీళ్ళలా పారే రంగు, మామూలు బేస్ అనుకుని కొంటే డబ్బులు పోతాయి.

సిటడెల్ ఇక్కడ ఖరీదే, బేస్, లేయర్ డబ్బాల్లో 12 మిల్లీలీటర్లే ఉంటుంది. స్పెయిన్ కంపెనీ వయెహో చుక్కలసీసాల్లో ఇస్తుంది, ఎక్కువ వస్తుంది, మూత దగ్గర ఎండిపోదు. వాళ్ళ గేమ్ కలర్‌లో డార్క్ గ్రీన్, సిక్ గ్రీన్, స్కార్పీ గ్రీన్ మూడూ ఉంటే పసుపు దారి మొత్తం పూర్తవుతుంది. మోడల్ కలర్‌లోని ఐస్ ఎల్లో ఒక్కటి మాత్రం ఎవరైనా కొని పెట్టుకోండి, తెలుపు కలపాలనిపించిన ప్రతిచోటా అది కలపొచ్చు. స్టేషనరీ షాపుల్లో దొరికే చిన్న సీసాల అక్రిలిక్ రంగులు గుడ్డ మీద, కాన్వాస్ మీద వెయ్యడానికి చేసినవి. పల్చబరిస్తే పిగ్మెంట్ విడిపోతుంది, చిక్కగా వేస్తే కవచం మీది గీతలన్నీ పూడుకుపోతాయి. నేలకీ రాళ్ళకీ వాడుకోండి, కవచానికి వద్దు.

ప్రైమర్, బేస్

ముదురు పచ్చకి నల్ల ప్రైమర్. సాలమాండర్స్ లాంటి నిండు పచ్చకి బూడిద రంగు ప్రైమర్, ఎందుకంటే మూట్ గ్రీన్ లాంటి మెరిసే పచ్చలు పారదర్శకంగా ఉంటాయి, నలుపు మీద వేస్తే ఎన్ని పూతలైనా మాసినట్టే ఉంటాయి. నల్ల ప్రైమర్ మీద పైనుంచి మాత్రమే బూడిద స్ప్రే కొట్టే జెనితల్ పద్ధతి పచ్చకి బాగా కుదురుతుంది, వెలుతురు ఎక్కడ పడాలో ముందే కనిపిస్తుంది కాబట్టి తర్వాత హైలైట్ ఎక్కడ పెట్టాలన్న టెన్షన్ ఉండదు.

తొందరగా అవ్వాలంటే డెన్మార్క్ కంపెనీ ఆర్మీ పెయింటర్ వాళ్ళ ఏంజెల్ గ్రీన్ స్ప్రే ఉంది, ప్రైమరూ బేసూ ఒకేసారి అయిపోతాయి. ఇరవై మందిని వెయ్యాల్సి వస్తే అదే మేలు.

మన వాతావరణం గురించి మాత్రం జాగ్రత్త. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ మేడ మీద మధ్యాహ్నం స్ప్రే కొడితే రంగు మోడల్‌ని చేరేలోపే గాల్లో ఎండి, పైన ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. ఎండాకాలం పొద్దున్నే కొట్టండి, దగ్గరగా పట్టుకుని ఊపుతూ కొట్టండి. వానాకాలం, అందులోనూ విశాఖ, కాకినాడ వైపు, ఇబ్బంది తేమతో వస్తుంది, అప్పుడు ఎండ వచ్చిన మధ్యాహ్నం దాకా ఆగాలి, లేదంటే బ్రష్‌తో వేసే వయెహో సర్ఫేస్ ప్రైమర్ తెచ్చుకుని ఇంట్లోనే వేసుకోవాలి.

బేస్ పూత రెండుసార్లు, పల్చగా. ఎంత పల్చగా అంటే పల్చటి మజ్జిగలా, ప్యాలెట్ మీద బ్రష్ లాగితే అడుగు కాస్త కనబడాలి, వెంటనే మూసుకోవాలి. మొదటి పూత చూసి భయపడకండి, మచ్చలుగానే ఉంటుంది, పూర్తిగా ఆరాక రెండోది వేస్తే సమం అవుతుంది. మన వేడికి రంగు ప్యాలెట్ మీద నిమిషాల్లో ఎండిపోతుంది కాబట్టి వెట్ ప్యాలెట్ తప్పదు: ఖాళీ స్వీట్ బాక్సులో తడి టిష్యూ మడిచి పెట్టి, పైన బేకింగ్ పేపర్ పరిస్తే అయిపోయింది. ఫ్యాన్ కింద కూర్చోకండి. ఉక్కపోస్తుంది, తెలుసు.

షేడ్

సిటడెల్ షేడ్లలో నుల్న్ ఆయిల్ నలుపు, ఆగ్రాక్స్ ఎర్త్‌షేడ్ గోధుమ, బీల్-టాన్ గ్రీన్ పచ్చ, కోలియా గ్రీన్‌షేడ్ నీలంపచ్చ. బూడిద దారిలో వెళ్ళేవాళ్ళకు నుల్న్ లేదా కోలియా. ఎముక దారిలో కొత్తగా కనిపించే సైనికులైతే నుల్న్, యుద్ధంలో నలిగినవాళ్ళైతే ఆగ్రాక్స్. పసుపు దారిలో నిండు పచ్చకి బీల్-టాన్, ముదురు పచ్చకి నుల్న్.

షేడ్ మొత్తం మీద పూసెయ్యకండి. డ్రెస్సుల మడతల మీద, చైన్‌మెయిల్ మీద అది బాగుంటుంది, కానీ స్పేస్ మెరీన్ (డార్క్ ఏంజెల్స్ లాంటి దళాల సైనికుడు) కవచం అంతా పెద్ద నున్నటి పలకలు, వాటి మీద ఆరిన షేడ్ మరకలు కడుతుంది, పచ్చ మీద ఆ మరకలు ఇంకా ఎక్కువ తెలుస్తాయి. సన్నటి బ్రష్‌తో పలకల మధ్య సందుల్లో మాత్రమే పారించండి, పక్కకి పోయినదాన్ని తడి బ్రష్‌తో లాగెయ్యండి, ఆరాక బేస్ రంగుతో సరిదిద్దండి. డబ్బాలోది కాకుండా సొంతంగా నీడ రంగు కావాలంటే బేస్ పచ్చలో కొంచెం ముదురు ఎరుపు కలిపి చూడండి. ఎరుపు పచ్చకి ఎదురు రంగు కాబట్టి రెండూ కలిసి నలుపుకి దగ్గరగా వెళ్తాయి కానీ చచ్చిన నలుపు కాదు, లోపల ఏదో వెచ్చదనం మిగులుతుంది. నల్ల రంగు కలిపిన నీడకీ దీనికీ తేడా చెంచా మీద చూస్తే మీకే తెలుస్తుంది.

హైలైట్లు, అసలు పని ఇక్కడే

మూడు మెట్లు. మొదటిది వెడల్పు గీత, బేస్ కన్నా కొంచెమే లేతగా, దాదాపు అన్ని అంచుల మీదా. రెండోది అందులో సగం మందం, వెలుతురు తగిలే పై అంచుల మీద మాత్రమే. మూడోది గీత కూడా కాదు, చుక్క: మూలల్లో, రెండు అంచులు కలిసే చోట, హెల్మెట్ నుదుటి మీద, మోకాలి పై కొసన. చాలామంది మూడు రంగుల్నీ ప్రతి అంచు మీదా ఒకే మందంలో గీస్తారు, అప్పుడు అది కవచంలా కాక వైర్ల బొమ్మలా కనిపిస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ రంగు లేత కావాలి, జాగా తగ్గాలి. పచ్చ విషయంలో రెండోదాన్ని మొదటిదానికన్నా గట్టిగా పాటించండి, ఇందాక చెప్పిన కంటి సంగతి గుర్తుందిగా.

డార్క్ ఏంజెల్స్‌కి మూడు దారులూ రాస్తున్నాను, బేస్ మూడింటికీ కాలిబన్ గ్రీన్.

పసుపు దారి అందరూ వేసేదే: సందుల్లో నుల్న్ ఆయిల్, అంచులకు వార్ప్‌స్టోన్ గ్లో, మూలలకు మూట్ గ్రీన్. ఇందులో చిక్కు ఏమిటంటే, కాలిబన్ నుంచి వార్ప్‌స్టోన్‌కి దూకే దూరం పెద్దది, అక్కడి నుంచి మూట్‌కి ఇంకా పెద్దది. మధ్యలో సగం సగం కలిపిన మెట్టు ఒకటి పెడితే చాలా తేడా వస్తుంది. మూట్ గ్రీన్‌ని డబ్బాలోంచి తీసి నేరుగా వెయ్యకండి, వార్ప్‌స్టోన్‌తో సగం సగం కలిపి, అది కూడా చుక్కలకే.

ఎముక దారి: మొదటి గీత కాలిబన్, వార్ప్‌స్టోన్ సమానంగా. రెండో గీత మూడు వంతుల వార్ప్‌స్టోన్‌కి ఒక వంతు ఉషాబ్తి బోన్. చివరి చుక్కలకు ఆ రెండూ సమానంగా. ఎండాక ఇది కాస్త నాచు రంగులోకి, పాతబడిన రంగులోకి వస్తుంది, ఎముక రంగు వస్త్రం పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే ఎండలో నిలబడినట్టుంటాయి. వస్త్రం ఆఖరి హైలైట్‌కి కూడా ఉషాబ్తి బోనే వాడండి.

బూడిద దారికి బేస్‌లోనే పని మొదలవుతుంది, కాలిబన్‌లో సమానంగా ఇన్‌క్యుబై డార్క్‌నెస్ కలపాలి. తర్వాత కాబలైట్ గ్రీన్, ఆ తర్వాత సిబరైట్ గ్రీన్. రాత్రి యుద్ధంలా, చలిగా ఉంటుంది. రావెన్‌వింగ్ నల్ల బైకులు ఎక్కువున్న సైన్యానికి బాగా నప్పుతుంది, డెత్‌వింగ్ ఎక్కువున్నదానికి నప్పదు.

మిగతా సైన్యాలు త్వరగా చెప్పేస్తాను. సాలమాండర్స్‌కి బేస్ వాఆగ్ ఫ్లెష్, సందుల్లో బీల్-టాన్, పలకల మధ్యభాగం దాకా వార్ప్‌స్టోన్ గ్లో, అంచులకు మూట్ గ్రీన్, మూలల్లో మూట్‌లో కొంచెం ఐస్ ఎల్లో. ఇక్కడ మాత్రం మూట్ గ్రీన్‌కి భయపడక్కర్లేదు, కింద ఉన్న పచ్చ కూడా నిండుగానే ఉంది. సన్స్ ఆఫ్ హోరస్‌కి లూపర్కల్ గ్రీన్ మీద సన్స్ ఆఫ్ హోరస్ గ్రీన్, ఆఖరికి దానిలోనే అడ్మినిస్ట్రేటమ్ గ్రే కలిపి చుక్కలు. కేడియన్ కవచానికి కాస్టెలన్ గ్రీన్, లోరెన్ ఫారెస్ట్, స్ట్రాకెన్ గ్రీన్ వరసగా, షేడ్ ఆగ్రాక్స్. డెత్ గార్డ్‌కి డెత్ గార్డ్ గ్రీన్ మీద ఆగ్రాక్స్ ఒళ్ళంతా పూసెయ్యండి, మరకలు కావాలి కదా, పైన ఒగ్రిన్ కామోతో డ్రైబ్రష్ చేస్తే, అంటే బ్రష్‌కున్న రంగు దాదాపు తుడిచేసి పైపైన రుద్దితే, సగం పని అయిపోయినట్టే. మొదటిసారి రంగులు పట్టుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి పచ్చ సైన్యం లేదు.

గీత గీయడం గురించి కూడా. అందరూ సన్నటి బ్రష్ కొనాలనుకుంటారు, మూడు సున్నాల బ్రష్‌లో రంగు నిలవదు, మోడల్‌ని చేరేలోపే కొసన ఎండిపోతుంది. ఒకటో నంబరు బ్రష్ కొస బాగా ఉంటే అదే చాలు. రంగులో ముంచి, టిష్యూ మీద ఒకసారి తిప్పి అదనపు రంగు తీసేసి, కొసతో కాకుండా బ్రష్ పక్కభాగాన్ని అంచుకి ఆనించి మీ వైపుకి లాగండి. అంచు తనకు కావాల్సినంత రంగు తీసుకుంటుంది. రెండు అరచేతుల్లో మణికట్టు దగ్గరి భాగాలు ఒకదానికొకటి ఆనించుకుంటే చెయ్యి వణకదు. గీత లావైతే తుడిచే ప్రయత్నం చెయ్యకండి, ఆరనిచ్చి కింది వైపు నుంచి బేస్ రంగుతో సన్నం చెయ్యండి. మంచి పెయింటర్ల గీతలు అంత సన్నగా ఉండటానికి కారణం చాలాసార్లు ఇదే, వాళ్ళు గీసింది సన్నగా కాదు, తర్వాత కోసింది.

గుండ్రటి భుజం ప్యాడ్‌కి అంచు తప్ప గీయడానికి ఏమీ ఉండదు, అంచు ఒక్కటే గీస్తే మధ్యలో ఖాళీగా, ఆటబొమ్మలా ఉంటుంది. అక్కడ మొదటి హైలైట్ రంగును బాగా పల్చబరిచి పై సగంలో రెండు మూడు పూతలు వెయ్యండి, ప్రతిసారీ కొంచెం పైకి. బ్రష్ చివర ఎక్కడ ఆపుతారో అక్కడే రంగు ఎక్కువ చేరుతుంది కాబట్టి నీడ వైపు నుంచి వెలుతురు వైపుకి లాగాలి. ఇరవై మంది సైన్యానికి అంత ఓపిక లేకపోతే, బేస్ అయ్యాక షేడ్ కన్నా ముందు పాత మేకప్ బ్రష్‌తో పైనుంచి కిందికి వార్ప్‌స్టోన్ గ్లోని మెత్తగా డ్రైబ్రష్ చేసెయ్యండి, నలభై శాతం శ్రమతో ఎనభై శాతం ఫలితం. కెప్టెన్‌కి మాత్రం మొదటి పద్ధతే.

పచ్చ కానివి

ఇక్కడ ఎక్కువమంది పాడుచేసుకునేది నేల. పచ్చ సైనికుణ్ణి పచ్చగడ్డి మీద నిలబెడితే మోకాళ్ళ దాకా కనబడడు. ఎర్రమట్టి, ఎండిన గడ్డి, బూడిద రంగు శిథిలాలు, ఏదైనా సరే, పచ్చ కాకుండా ఉండాలి. ఎర్రమట్టి అయితే ఎదురు రంగు కాబట్టి ముదురు పచ్చ కూడా పైకి లేస్తుంది.

ఎరుపు తక్కువగా, కానీ గట్టిగా వాడండి: కళ్ళ లెన్సులు, ముద్రల మైనం, అంతే. పాత డార్క్ ఏంజెల్స్ మోడళ్ళలో బోల్టర్లు కూడా ఎర్రగా వేసేవాళ్ళు, ఇప్పుడు నలుపే ఎక్కువ, నాకైతే ఆ పాత ఎర్ర తుపాకులంటేనే ఇష్టం, దూరం నుంచి సైన్యాన్ని గుర్తుపట్టేలా చేసేది అదే. లోహాల్లో పసుపు, ఎముక దారులకు బంగారం, ఇత్తడి. బూడిద దారికి ఉక్కు రంగు.

వెలుతురు కూడా రంగులాంటిదే. పసుపు బల్బు కింద పచ్చ హైలైట్లు వేస్తే అవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు ఉంటాయి, మీరు ఇంకా లేతగా వేసుకుంటూ పోతారు, పొద్దున చూస్తే చిలకపచ్చ గీతలు కళ్ళలో పొడుస్తాయి. 5000 నుంచి 6500 కెల్విన్ మధ్య తెల్లటి ఎల్ఈడీ లైటు కింద వెయ్యండి.

గుర్తులు, వార్నిష్

డార్క్ ఏంజెల్స్ గుర్తు రెక్కల కత్తి, చేత్తో వెయ్యడం అందరి వల్లా కాదు, ట్రాన్స్‌ఫర్ (నీళ్ళలో తడిపి అంటించే బొమ్మ) అంటిస్తాం. ప్యాడ్ రెండు వైపులా వంగి ఉంటుంది కాబట్టి అది ముడతలు పడుతుంది. ముందు ఆ చోట మెరిసే గ్లాసీ వార్నిష్ వేసి నున్నగా చెయ్యండి, మైక్రో సెట్ అనే అతికించే ద్రవం రాసి అంటించి, పైన దాన్ని మెత్తబరిచే మైక్రో సోల్ వేసి ముట్టుకోకుండా వదిలెయ్యండి. అప్పుడే ఇంకా ముడతలు పడ్డట్టు కనిపిస్తుంది, అరగంట ఆగితే దానంతటదే అతుక్కుంటుంది. ఆరాక దాని తెలుపు మీద పక్కనున్న పచ్చనే బాగా పల్చగా ఒక్క పూత కింది వైపు వేస్తే అంటించినట్టు కాక వేసినట్టు కనిపిస్తుంది.

ఆఖరి వార్నిష్‌కి ముదురు పచ్చ మీద పూర్తి మ్యాట్ వద్దు, రంగు మీద బూడిద పొర కప్పినట్టు లోతు పోతుంది. సాటిన్ వెయ్యండి. ఏదైనా సరే, తేమ ఉన్న రోజు స్ప్రే వార్నిష్ కొట్టకండి, తెల్లగా పొగ పట్టేస్తుంది, అప్పుడు నెల రోజుల శ్రమ పోతుంది. వానాకాలంలో బ్రష్‌తో వేసే వార్నిషే దిక్కు.

ఎముక దారి ఎంచుకున్నవాళ్ళు ఒక పని ముందే చెయ్యండి. ఆ మిశ్రమాల్ని ప్రతిసారీ ప్యాలెట్ మీద కలిపితే ఈ వారం వేసినవాళ్ళూ వచ్చే నెల వేసినవాళ్ళూ ఒకేలా రారు. రెండు ఖాళీ చుక్కలసీసాలు తీసుకుని, రెండో గీత రంగు ఒకదానిలో, చుక్కల రంగు ఇంకోదానిలో సైన్యం మొత్తానికి సరిపడా ఒకేసారి కలిపి, లోపల చిన్న స్టీలు గోళీ వేసి, మూత మీద పాళ్ళు రాసి పెట్టుకోండి.